చదరాల దేశంలో కరణంగారి మనవడు

మా తాతయ్య కరణం. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యేనాటికే ఆయన మంచాన పడ్డారు కానీ, ఊరి అడంగల్ మొత్తం ఆయన తలలో భద్రంగా ఉండేది. ఏ సర్వే నంబరు ఎవరిది, ఏ గట్టు ఎప్పుడు ఎంత జరిగింది, ఏ పుంతను ఎవరు తమ చేలో కలుపుకున్నారు, అన్నీ కళ్లు మూసుకుని చెప్పేవారు. మా ఇంటి అటక మీద తుప్పు పట్టిన కొలత గొలుసు ఒకటి ఉండేది. నూరు లింకులు, అరవై ఆరు అడుగులు. ఒక గొలుసు వెడల్పు, పది గొలుసుల పొడవు ఉంటే ఎకరం. ఎనభై గొలుసులు నడిస్తే మైలు. చిన్నప్పుడు ఎక్కాలతోపాటు నాకు ఇవి కూడా అప్పజెప్పించారు. దాన్ని గంటర్ గొలుసు అనేవారు. గుంటూరు జిల్లావాళ్లం కాబట్టి అది మా ఊరి పేరేననుకుని చాలా ఏళ్లు గర్వపడ్డాను. ఆ గంటర్ పదిహేడో శతాబ్దపు ఆంగ్లేయుడని తెలిసేసరికి కాలేజీకి వచ్చేశాను.

ఆ గొలుసు నన్ను అమెరికాలో మళ్లీ పట్టుకుంటుందని మాత్రం అనుకోలేదు.

1992లో అయోవా రాష్ట్రం ఏమ్స్ పట్టణంలోని విశ్వవిద్యాలయంలో నేల శాస్త్రం చదవడానికి వెళ్లాను. మరుసటి వసంతంలో మా ప్రొఫెసరు నాకొక పని అప్పగించారు. పడమరగా నలభై అయిదు మైళ్ల అవతల గ్రీన్ కౌంటీ అని ఒకటుంది. అక్కడి పొలాల కింద నుంచి బయటికి పారే నీళ్లను సీసాల్లో పట్టి తేవాలి. వారానికి మూడుసార్లు, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా. నా పాత కారు రోజూ అంత దూరం వచ్చిపోయే స్థితిలో లేదు. అందుకని ఆ కౌంటీ ముఖ్యపట్టణమైన జెఫర్సన్‌లో ఒక పెద్దావిడ ఇంట్లో గది చూసిపెట్టారు. అలా నాలుగు వేసవులు అక్కడ గడిపాను.

కౌంటీ అంటే నాన్నకు ఉత్తరంలో ఎలా చెప్పాలో తెలియలేదు. జిల్లా అందామంటే మరీ చిన్నది, తాలూకా అందామంటే దానికి సొంత కోర్టు, సొంత షెరీఫు, సొంత పన్నులు ఉన్నాయి. అయోవాలో ఇలాంటివి 99. గ్రీన్ కౌంటీ అందులో సగటు రకం. పటంలో చూస్తే దాదాపు చతురస్రం: అటు ఇరవై నాలుగు మైళ్లు, ఇటు ఇరవై నాలుగు మైళ్లు. అందులో ఆరేసి మైళ్ల చదరాలు పదహారు, వాటిని టౌన్‌షిప్పులంటారు. ఒక్కో టౌన్‌షిప్పులో మైలుకు మైలు ఉండే చదరాలు ముప్పై ఆరు, అవి సెక్షన్లు. సెక్షనుకు 640 ఎకరాలు. దాన్ని నాలుగు ముక్కలు చేస్తే 160. ఒక కుటుంబం గుర్రాలతో దున్నుకుని బతకడానికి ఆ ముక్క చాలునని పూర్వం లెక్క వేసుకున్నారట. ఈ గళ్ల కొలత 1785 నాటి చట్టంతో మొదలైంది. అప్పటికి ఈ ప్రాంతం అమెరికా చేతికే రాలేదు. భూమి దక్కకముందే దాన్ని కొలిచే పద్ధతి సిద్ధం చేసుకున్నారన్నమాట. కొలిచింది దేనితోననుకున్నారు? అరవై ఆరు అడుగుల గొలుసుతోనే. ఆ సంగతి చదివిన రాత్రి నాకు తాతయ్య బాగా గుర్తొచ్చారు. ఆయన అటక మీది గొలుసూ, ఈ మొక్కజొన్న రాజ్యాన్ని గళ్లుగా కోసిన గొలుసూ ఒక్క తల్లి పిల్లలే.

తేడా ఎక్కడంటే, మా ఊళ్లో గొలుసు జనం వెనక నడిచింది. వాగు ఎటు తిరిగితే గట్టు అటు తిరిగింది, డొంక ఎటు పోతే పొలం అటు సాగింది, వాటన్నిటినీ తర్వాత వచ్చి కొలిచారు. అక్కడ గొలుసే ముందు నడిచింది. చాలాచోట్ల సెక్షను హద్దు మీదే మైలుకొక కంకర రోడ్డు. కారెక్కితే దారి తప్పడమంటూ ఉండదు; తప్పినా మైలు పోయి కుడికి తిరిగి, మరో మైలు పోయి కుడికి తిరిగితే సరి. ఒక్కచోట మాత్రం భూమి ఈ గళ్లకు లొంగలేదు. అది గుండ్రంగా ఉంది కదా, ఉత్తరానికి పోయే కొద్దీ గీతలు దగ్గరవుతాయి. ఆ తేడా సర్దడానికి కొన్ని అడ్డగీతల దగ్గర రోడ్డును పక్కకు జరిపారు. ఉత్తరాన పక్క కౌంటీలో అలాంటి గీత ఒకటి ఉంది. ఇదే గీత మీద పడమటి వైపున్న ఒక ఊరికి కరెక్షన్‌విల్ అనే పేరు పెట్టుకున్నారు. ఒక రాత్రి ఆ గీత దగ్గర రోడ్డు జరిగింది, నేను జరగలేదు. కారు నేరుగా మొక్కజొన్నలోకి పోయింది. ట్రాక్టరుతో బయటికి లాగిన రైతు ఒక్క మాట కూడా అనలేదు, డబ్బూ తీసుకోలేదు. "ప్రతి ఏడాదీ ఒకరు వస్తారు" అన్నాడంతే.

మా ఇంటి పెద్దావిడ తన పేరు పెట్టి పిలవమని ఎంత చెప్పినా నాకు నోరు రాలేదు. డెబ్బై దాటిన మనిషిని పేరు పెట్టి ఎలా పిలుస్తాం? మామ్మగారూ అనడం మొదలుపెట్టాను. అమ్మా అని పిలుస్తున్నాననుకుని ఆవిడ సంతోషపడ్డారు. అసలు సంగతి చెప్పాక ఇంకా సంతోషపడ్డారు. పెళ్లికి ముందు ఆవిడ ఒకే గది ఉన్న పల్లె బడిలో పంతులమ్మ. రెండు మైళ్లకొక బడి ఉండేదట, పిల్లలు నడిచి వచ్చే దూరమని. నేను వెళ్లేనాటికి ఆ బడుల్లో ఒకటి గాదె అయింది, ఒకటి ఎవరి గరాజో అయింది, మిగిలినవి ఉన్న చోట మొక్కజొన్న ఉంది.

ఆవిడ దగ్గర ఒక పుస్తకం ఉండేది. ప్లాట్ బుక్కు అంటారు. పేజీకొక టౌన్‌షిప్పు, అందులో ఏ చెక్క ఎవరిదో యజమాని పేరు, ఎకరాలు, ఇల్లున్న చోట చిన్న నల్ల చుక్క. అచ్చం మా తాతయ్య అడంగలే, కాకపోతే పటంగా గీసినది. మొదటిసారి చూసినప్పుడు పండగ చేసుకున్నాను. మామ్మగారు దాని మీద సొంత లెక్క ఒకటి నడిపేవారు. ప్రతి నల్ల చుక్క పక్కన పెన్సిలుతో ఒక అంకె: ఆ ఇంట్లో ఎందరున్నారో. ఎవరైనా పోయినా, పిల్లలు చదువుకని వెళ్లి తిరిగి రాకపోయినా, ఆదివారం చర్చి నుంచి రాగానే రబ్బరుతో తుడిచి కొత్త అంకె వేసేవారు. కొన్ని చుక్కల దగ్గర కాగితం అరిగి నూగుబారింది. కొన్ని చుక్కల్నే కొట్టేశారు. అంటే ఆ ఇల్లు కూల్చి దున్నేశారని.

ప్రభుత్వ లెక్కలు నేను పట్నం గ్రంథాలయంలో చూశాను. 1900లో ఆ కౌంటీలో 17,820 మంది. అంతకు మించి ఆ తర్వాత ఎన్నడూ లేరు. 1950కి 15,544. 1980కి 12,119. 1990కి 10,045. మొత్తం భూమి 570 చదరపు మైళ్లు, మన కొలతలో 1,476 చదరపు కిలోమీటర్లు. అంటే కిలోమీటరుకు ఏడుగురు కూడా లేరు. ఆ ఏడాదుల్లో మన రాష్ట్రంలో అదే కిలోమీటరుకు 242 మంది. అప్పటి మన రాష్ట్ర సగటున జనాన్ని నింపితే గ్రీన్ కౌంటీలో మూడున్నర లక్షల మంది ఉండాలి. అన్నట్టు, దేశం ఏమనుకుంటున్నదో లెక్కగట్టడాన్నే వృత్తిగా మార్చిన జార్జ్ గ్యాలప్ 1901లో ఈ జెఫర్సన్‌లోనే పుట్టాడు. ఊరు నిండుగా ఉన్నప్పుడు పుట్టినవాడికి కాబట్టి లెక్కపెట్టాలనిపించిందేమో.

ఇదంతా నాన్నకు రాశాను. నాన్న సత్తెనపల్లి వైపు నల్లరేగడిలో పత్తి, మిరప వేసే రైతు. ఆయన జవాబు ఇంకా నా దగ్గరుంది. "భూమి చవుడా? రాళ్లా? నీళ్లు లేవా? జనం ఎందుకు పోతున్నారు?" అని అడిగారు. ఆయన ఎరిగిన లోకంలో జనం భూమిని వదిలిపోవడానికి కారణాలు అవే. మంచి నేల ఉన్నచోట జనం చేరతారు, కృష్ణా డెల్టాను చూడు అన్నారు.

చవుడు కాదు నాన్నా, మన రేగడి కంటే మంచిది. ఆ మాట రాయడానికి చెయ్యి ఒప్పలేదు కానీ అదే నిజం. కౌంటీలో చాలా భాగం ఒకప్పుడు మంచుపలక కింద ఉంది. దాదాపు 12,000 ఏళ్ల కిందట ఆ మంచు కరిగిపోతూ నేలను చదును చేసి, అక్కడక్కడా పళ్లెంలాంటి గుంటలు వదిలింది. వాటి మీద వేల ఏళ్లపాటు ఎత్తైన గడ్డి పెరిగి, చచ్చి, కుళ్లి, మళ్లీ పెరిగి ఆ మట్టి నల్లబడింది. మన రేగడి నలుపు వేరు: ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది, తడిస్తే చెప్పు ఊడబీకుతుంది. ఆ మట్టి అలా పగ పట్టదు. గుప్పెట్లో పిండితే ముద్దవుతుంది, వేలితో తడితే పొడిపొడిగా రాలుతుంది. క్లారియన్, నికొలెట్, వెబ్‌స్టర్ అని దాని రకాలకు పేర్లు. పల్లపు చేలల్లోది వెబ్‌స్టర్, అన్నిటికంటే నల్లనిది. ఆ గడ్డి మైదానంలో మాత్రం వెయ్యిలో ఒక వంతు కూడా మిగల్లేదు. పాత శ్మశానాల మూలల్లో, రైలు పట్టాల వెంట కొన్ని పిలకలు కనిపిస్తాయి, అంతే.

నాన్నకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి. మా వైపు రైతు సాగర్ కుడి కాలువ నీళ్లు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూస్తాడు. అక్కడి రైతు నీళ్లు ఎప్పుడు పోతాయా అని ఎదురుచూస్తాడు. ఆ గుంటల నేలంతా మొదట బురద. దోమలు, బాతులు, నడుములోతు గడ్డి. దాన్ని సాగులోకి తేవడానికి నేల కింద మూడు నాలుగు అడుగుల లోతున కాల్చిన మట్టి గొట్టాలు వరసగా పేర్చారు. అడుగు పొడవు గొట్టాన్ని మరో గొట్టానికి ఆనించి పెట్టడమే. సందుల్లోంచి నీరు ఊరి, గొట్టాల్లో పారి, కాలువలో పడి, అక్కడి నుంచి రకూన్ నదిలో కలుస్తుంది. పైకి ఏమీ కనిపించదు. నేల మీద గళ్ల లెక్క ఎంత ఉందో, నేల కింద గొట్టాల లెక్క అంత ఉంది. నేను సీసాల్లో పట్టింది ఆ గొట్టాల చివర ధార కట్టే నీళ్లనే. తాగడానికి ఇంపుగా, చల్లగా, తేటగా ఉండేవి. తాగకూడదు. చేలకు వేసిన నత్రజని అందులో కరిగి పారేది. లీటరుకు పది మిల్లీగ్రాములు మించితే తాగే నీరుగా పనికిరాదని చట్టం. మే, జూన్ నెలల్లో నా సీసాలు చాలావరకు ఆ గీత దాటేవి. ఆ నదే దిగువన రాజధాని డెమోయిన్ నగరానికి తాగునీరు. అక్కడ నీళ్లలోంచి నత్రజని తీసేయడానికి ఏకంగా ఒక ప్లాంటే కట్టుకున్నారు.

నేను వెళ్లిన మొదటి వేసవే 1993. వాన మొదలైంది, ఆగలేదు. జూలైలో రకూన్ నది గట్టు దాటి డెమోయిన్ నీటి సరఫరా కేంద్రాన్ని ముంచింది. ఊరంతా వరద, కుళాయిలో చుక్క లేదు. రెండున్నర లక్షల మంది పది రోజులకు పైగా అలా గడిపారు. మా కౌంటీలో జరిగింది ఇంకా వింత. గొట్టాలు మోయలేక చేతులెత్తేశాయి, నూరేళ్ల కిందట మాయమైన గుంటలన్నీ చేల మధ్య తిరిగి లేచాయి. వెండి పళ్లేల్లా మెరిసే ఆ నీళ్లలోకి బాతులు వచ్చి వాలాయి. వాటికి ఎవరు చెప్పారో! మామ్మగారు కారులోంచి చూస్తూ, "మా తాత చెప్పేవాడు, ఇక్కడ చెరువు ఉండేదని. అబద్ధమనుకున్నాను" అన్నారు. ఆ ఏడు అయోవాలో మొక్కజొన్న ఎకరానికి సగటున 80 బుషెళ్లు, అంటే ఇరవై క్వింటాళ్లు. మరుసటి ఏడు 152 బుషెళ్లు, ముప్పై ఎనిమిది క్వింటాళ్లకు పైనే. నాన్న ఈ రెండో అంకె నమ్మలేదు. సున్నా ఎక్కడో జారిందా అని తిరుగుటపాలో అడిగారు.

అంత పంట ఉందని నేనూ మోసపోయాను. ఒక సాయంత్రం చేను అంచున నాలుగు పొత్తులు విరుచుకొచ్చి ఉడకబెట్టాను. గంట ఉడికినా గింజ పంటికి లొంగలేదు. మామ్మగారు వంటింట్లోకి వచ్చి గిన్నె మూత తీసి, కుర్చీలో కూర్చుని మరీ నవ్వారు. అది పందుల మేతట. మైళ్ల కొద్దీ కనిపించేదంతా అదేనట: మేతకు, పిండికి, నూనెకు, ఇంధనానికి. మనుషులు తినే తీపి మొక్కజొన్న పెరట్లో రెండు సాళ్లు ఉంటుంది. అయోవాలో మనుషులకంటే పందులు ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి భోజనం ఎవరిదో అర్థమయింది. మర్నాడు ఆవిడ పెరటి పొత్తులు కాల్చి, నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్ది ఇచ్చాను. కళ్లనీళ్లు పెట్టుకుంటూనే రెండు తిన్నారు.

మరి జనం ఎందుకు పోయారన్న నాన్న ప్రశ్నకు జవాబు ఒక్కసారిగా దొరకలేదు. ప్లాట్ బుక్కు తిప్పుతుంటే మెల్లగా తెలిసింది. 160 ఎకరాల ముక్కలు రెండేసి, నాలుగేసి కలిసిపోతూ వచ్చాయి. గుర్రాలు పోయి ట్రాక్టరు వచ్చింది, ఒక్క మనిషి సెక్షనంతా దున్నగలిగాడు. నేల చదునుగా, గళ్లుగా, నల్లగా ఉంది కాబట్టి పెద్ద యంత్రాలకు తిరుగు లేదు. కొండలూ రాళ్లూ ఉంటే ఇంత తొందరగా కలిసిపోయేవి కావేమో. నాన్న లెక్క తిరగబడింది. ఆ నేల మంచిది కాబట్టే జనం పలచబడ్డారు. నా జవాబు ఉత్తరంలో ఆ ముక్కే రాశాను.

ఇది మామ్మగారికి చెప్పలేదు. ఆవిడకు 1980ల కథ వేరే ఉంది. 1981లో అయోవాలో ఎకరం సగటు ధర 2,147 డాలర్లు. ధర పెరుగుతున్నదని అప్పులిచ్చారు, పెరుగుతున్నదని అప్పులు తీసుకున్నారు. వడ్డీలు మండిపోయాయి. 1986కి అదే ఎకరం 787 డాలర్లు. ఆవిడ పెద్దకొడుకు ఆ మధ్యలో చిక్కుకున్నాడు. వేలం రోజున కొడుకు వస్తువులు ఇరుగుపొరుగులే కొన్నారని, ఎవరూ ఎవరి ముఖం చూడలేదని ఒకసారి చెప్పారు. రెండోసారి ఆ మాట ఎత్తలేదు. పుస్తకంలో ఆ సెక్షను పేజీ వచ్చినప్పుడు మాత్రం వేళ్లు కొంచెం తొందరగా తిప్పేవి. అక్కడ చుక్క పక్కన ఒకప్పటి 5 అనే అంకెను తుడిచిన మచ్చ ఉంది. కొత్త అంకె ఏదీ వేయలేదు.

జనం తక్కువ కాబట్టి పలకరింపు ఎక్కువ. కంకర రోడ్డు మీద ఎదురొచ్చే ప్రతి బండివాడూ స్టీరింగ్ మీద నుంచి ఒక్క వేలు లేపుతాడు. చెయ్యి ఊపితే అతి. నేను మొదట్లో రెండు చేతులూ వదిలి నమస్కారం పెట్టబోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నాను. పట్నం నడిబొడ్డున 1917లో కట్టిన కోర్టు భవనం, దాని ముందు లింకన్ విగ్రహం, దాని పక్కన 168 అడుగుల గంటల స్తంభం. దేశాన్ని అటు చివర నుంచి ఇటు చివరకు కలిపిన తొలి మోటారు రహదారి లింకన్ హైవే ఆ ముందు నుంచే పోతుంది. 1966లో కట్టిన ఆ స్తంభం పైకెక్కితే కౌంటీ మొత్తం పరిచిన చీరలా కనిపిస్తుంది, గళ్ల చీర. గంటలు మోగితే మామ్మగారు చేతిలో పని ఆపేవారు. ఎందుకని అడిగితే, ఊరు ఇంకా ఉన్నట్టు గుర్తు అన్నారు.

నేను 1997లో వచ్చేశాను. నేనున్నది 1990 లెక్కకూ 2000 లెక్కకూ మధ్య కాబట్టి ఆ కౌంటీ జనాభాలో నేను ఎన్నడూ లేను. మామ్మగారు 2004లో పోయారు. ప్లాట్ బుక్కు ఏమైందో వాళ్లబ్బాయిని అడగాలని ఎన్నోసార్లు అనుకుని అడగలేదు. అడిగే హక్కు నాకేముంది?

2022 అక్టోబరులో మా అమ్మాయిని తీసుకుని వెళ్లాను. రాత్రి పొద్దుపోయింది. 2020 లెక్కల్లో కౌంటీ 8,771, జెఫర్సన్ 4,182. పట్నం బయట 2015లో కట్టిన క్యాసినో దీపాలు వెలుగుతున్నాయి. ఉత్తరాన చీకట్లో గాలిమరల ఎర్ర దీపాలు ఒక్కసారే వెలిగి ఒక్కసారే ఆరుతున్నాయి. తూర్పు ఊళ్ల బడి 2014లో జెఫర్సన్ బడితో కలిసిపోయిందట. రాష్ట్రంలో ఎకరం సగటు ధర ఆ ఏడాది పదకొండు వేల డాలర్లు దాటింది.

నాన్న చివరి ఉత్తరాల్లో ఒకదానిలో ఒక ప్రశ్న ఉండేది. "అంత భూమిలో రాత్రి కుక్క మొరిగితే ఎవరికి వినిపిస్తుంది?" దానికి జవాబు రాయలేదు, నవ్వి ఊరుకున్నాను. ఆ రాత్రి మామ్మగారి కొడుకు సెక్షను మూలన కారు ఆపి, ఇంజను కట్టేసి, అద్దాలు దించాను. కుక్క లేదు. దూరంగా ఎడతెగని హోరు ఒకటి వినిపించింది.

"ఆ చప్పుడు ఏమిటి నాన్నా?" అంది అమ్మాయి.

"ధాన్యం ఆరబెట్టే ఫ్యాను. నెలంతా తిరుగుతుంది."

కారు దిగి నాలుగు దిక్కులా దీపాలు లెక్కపెట్టాం. అయిదు. అందులో మూడు గాదెల దగ్గరివని తనకు చెప్పి, ఇంకా ఏమైనా కనిపిస్తాయేమోనని మరోసారి మొదటి నుంచి లెక్కపెట్టాను.